నిలువని అవధానము, నిలుపుకొన్న జీవితము

అవధానమను మాట తెలుగువారికి క్రొత్తది కాదు. పృచ్ఛకులు ఎనమండుగురు చుట్టును కూర్చుండి, ఒకరు సమస్యను, ఒకరు దత్తపదిని, ఒకరు నిషిద్ధాక్షరిని ఇచ్చుచుందురు. నడుమ నడుమ గంట మ్రోగుచుండును. అప్రస్తుత ప్రసంగి పొంతనలేని ప్రశ్నలతో అడ్డు తగులుచుండును. అవధాని ఒక్కొక్క పద్యమును ఒక్కొక్క పాదము చొప్పున చెప్పుచు పోయి, కట్టకడపట అన్నింటిని ధారణచేసి అప్పగించును. తిరుపతి వేంకట కవులు ఈ విద్యను ఊరూర ప్రదర్శించి ప్రజలకు చేరువ చేసిరి. ఆ సభలలో జనులు మెచ్చుకొన్నది కవిత్వమును మాత్రమే కాదు. అడ్డంకులు వచ్చినను పనిని విడువకుండుట, విడిచిన చోటికి మరల వచ్చుట, విన్నదానిని మనస్సున నిలుపుకొనుట అను మూడు శక్తులను మెచ్చుకొనిరి.

ఈ మూడు శక్తులును కొలది పాటిగా ప్రతి మనిషికిని కావలయును. బజారునకు పోయి నాలుగు వస్తువులు మరువక తెచ్చుటకు, వేళకు పనిలో చేరుటకు, ఎదుటివాని మాట ముగియువరకు ఓపిక పట్టుటకు ఇవియే ఆధారము. పుట్టుకనుండియే ఇవి బలహీనముగా నున్నవారు కొందరు కలరు. వారి తలలో అప్రస్తుత ప్రసంగి యొకడు రేయింబవళ్లు కాపురముండును. ధారణ మాత్రము వారికి దక్కదు. లోకము వీరిని సోమరులనియు, నిర్లక్ష్యము గలవారనియు, మాట నిలుపుకొనని వారనియు పిలిచినది. వైద్యశాస్త్రము దీనిని అవధానలోప అతిచలన స్థితి యని పేర్కొన్నది, ఆస్పత్రులలో ఏ.డి.హెచ్.డి. యని వ్యవహరింతురు.

బాల్యమున ఎవరును గుర్తింపక, ముప్పది నలువది యేండ్లు గడచిన పిమ్మట తమ స్థితికి ఒక పేరున్నదని తెలిసికొన్న వారు ఇపుడు క్రమముగా పెరుగుచున్నారు. అంతకాలము మోసిన నిందను దించుకొని వారు చక్కగా జీవించుట ఎట్లు? ఈ ప్రశ్నకు సమాధానము వెదకుటకు రామగుండము, గోదావరిఖని ప్రాంతపు బొగ్గుగనులకంటె తగిన చోటు లేదు. అవధానము తప్పినచో ప్రాణము పోవు చోటు అది. అయినను, ఏ ఒక్క మనిషి అవధానమును నమ్ముకొని ఆ గని నడువదు.

పరధ్యానము వేరు, ఈ స్థితి వేరు

పరధ్యానము లేని మనిషి లేడు. కళ్లద్దములు నుదుట పెట్టుకొని ఇల్లెల్ల వెదకిన పండితులను చూచి నవ్వుకొనని వారు లేరు. వైద్యులు చెప్పునది అది కాదు. అమెరికా మానసిక వైద్యసంఘము 2013లో వెలువరించిన నిర్ధారణ గ్రంథపు ఐదవ కూర్పున అవధానలోపమునకు 9 లక్షణములు, అతిచలనమునకును తొందరపాటునకును కలిపి 9 లక్షణములు చెప్పబడినవి. పిల్లలలో ఈ రెండు వర్గములలో ఏదో యొకదానినుండి 6 లక్షణములైనను ఉండవలయును. 17 ఏండ్లు నిండిన వారికి 5 చాలును. అవి ఆరు మాసములకు తక్కువ గాకుండ నిలిచియుండవలయును. వానిలో కొన్ని 12 ఏండ్లు నిండకముందే కనబడి యుండవలయును. ఇంటిలో మాత్రమేగాని, బడిలో మాత్రమేగాని కాక రెండు తావులనైనను కనబడవలయును. అన్నింటికంటె ముఖ్యముగా, వాని వలన చదువునకో, పనికో, సంసారమునకో నిజమైన చెరుపు కలుగుచుండవలయును.

చిన్ననాడు బెంచీమీద నిలువక పరుగులు పెట్టినవాడు పెద్దవాడైన పిమ్మట పరుగు మానును. కాని ఆ పరుగు మనస్సులోనికి పోవును. కూర్చున్నచోట కాలు ఊపుచుండును, ఎదుటివాని మాటకు అడ్డువచ్చును, ఒక పని ముగియకముందే మరొక పనిని చేపట్టును. వీరికి కాలము కొలతకు లొంగదు. అరగంట పట్టు పని ఐదు నిమిషములలో అగునని మనసార నమ్ముదురు. పరుగులే లేక, కిటికీవంక చూచుచు కూర్చుండి పోవువారు మరికొందరు. ఆడపిల్లలలో ఈ రీతి తరచుగా కనబడుటచేత, అల్లరి చేయని కారణమున వారు గుర్తింపునకు రాకుండపోవుటయు తరచుగా జరుగుచున్నది.

నమ్మశక్యము గాని సంగతి మరొకటి కలదు. ఈ స్థితి గలవాడు తన మనసునకు పట్టిన పనిలో మునిగినచో లోకమును మరచును. చెడిపోయిన మోటారును విప్పి బిగించుటలో నాలుగు గంటలు తలయెత్తడు. ఆ మోటారు ఎవరిదో, ఏనాటికి ఇచ్చెదనని మాట యిచ్చెనో మాత్రము మరచును. "ఇష్టమైన పని చేయగలిగినవాడు ఇష్టము లేని పని ఏల చేయలేడు? కావలెనని చేయుచున్నాడు" అని ఇంటివారు, పై అధికారులు నిశ్చయింతురు. లోపము అవధానమే లేకపోవుటలో లేదు. దానిని కావలసిన చోటికి, కావలసిన వేళకు త్రిప్పుకొను శక్తియందున్నది. నుదుటి వెనుకనున్న మెదడు భాగమును, డోపమీన్, నార్ అడ్రినలిన్ అను రసాయనములు నడుపు మార్గములును ఈ శక్తికి సంబంధించినవని పరిశోధకులు తెలిసికొనిరి. కవలలపై జరిగిన పరిశోధనలవలన ఇందు వంశపారంపర్యపు పాలు 70 శాతమునకు పైగా ఉండునని తేలినది. లోకమున పిల్లలలో నూటికి సుమారు 5 గురు, పెద్దలలో సుమారు 2.5 మంది ఈ స్థితి గలవారని అంచనా.

పేరు వచ్చిన విధము

ఇది నేటి సెల్‌ఫోనుల వలన పుట్టిన జబ్బని కొందరు తలంతురు. చరిత్ర అట్లు చెప్పదు. స్కాట్లండు దేశపు వైద్యుడు అలెగ్జాండర్ క్రైటన్ 1798లో ప్రకటించిన గ్రంథమున, ఏ విషయమునందును నిలుకడగా మనస్సు నుంచలేని వారిని గూర్చి వ్రాసెను. జర్మనీలో ఫ్రాంక్‌ఫర్ట్ వైద్యుడు హైన్‌రిష్ హోఫ్‌మన్ తన కుమారునికొరకు బొమ్మలతో కూర్చిన పద్యపుస్తకము 1845లో అచ్చుపడినది. అందు భోజనపు బల్లయొద్ద కుదురుగా కూర్చుండలేక, కుర్చీతో వెనుకకు పడి, బల్లగుడ్డతో సహా పళ్లెములన్నియు క్రిందికి లాగిన బాలుడొకడు కలడు.

1902లో లండన్ రాయల్ కాలేజి ఆఫ్ ఫిజీషియన్స్‌లో జార్జి స్టిల్ అను శిశువైద్యుడు 43 మంది పిల్లలను గూర్చి ఉపన్యసించెను. వారిలో చాలమందికి బుద్ధిలోపము లేదనియు, నిగ్రహము మాత్రము లేదనియు కనిపెట్టెను. కాని ఆయన దానిని నైతిక నిగ్రహ లోపమని పిలిచెను. బిడ్డ తప్పు కాదని చెప్పబోయిన శాస్త్రముకూడ నీతి అను మాటను విడువలేకపోయినది. 1937లో అమెరికాలోని రోడ్ ఐలండులో చార్లెస్ బ్రాడ్లీ కొందరు పిల్లలకు బెంజెడ్రిన్ అను ఉత్తేజక మందు నిచ్చి చూడగా వారు నెమ్మదిపడి చదువులో ముందడుగు వేసిరి. ఉత్తేజపరచు మందు చంచలుని కుదుటపరచుట వైద్యులకు వింతగా తోచినది.

అమెరికా నిర్ధారణ గ్రంథము 1968లో దీనిని బాల్యమునకు చెందిన అతిచలన ప్రతిక్రియ యనెను. 1980లో అవధానలోపమని పేరు మార్చెను. 1987లో నేటి పేరు స్థిరపడినది. పెద్దయైన పిమ్మట ఇది దానంతట అదియే పోవునని చిరకాలము నమ్మిరి. 1976లోనే పాల్ వెండర్ మొదలగువారు పెద్దలలోను ఇది నిలిచియుండునని వ్రాసినను, ఆ మాట సామాన్య వైద్యునివరకు వచ్చుటకు దశాబ్దములు పట్టినది. 1970, 1980 దశకములలో గోదావరిఖని బడులలో చదివిన పిల్లవానిని ఎవరును గుర్తింపకపోవుటలో అచటి ఉపాధ్యాయుల దోషము లేదు. అప్పటికి ఆ విద్య వారివద్దకు రాలేదు.

బొగ్గు పట్టణములో

1871లో భూగర్భ పరిశోధనశాఖకు చెందిన డాక్టరు విలియం కింగ్ ఇల్లెందు ప్రాంతమున బొగ్గు జాడ కనుగొనెను. 1920 డిసెంబరు 23న సింగరేణి కాలరీస్ కంపెనీ ఏర్పడినది. 1960 దశకమునుండి రామగుండము చుట్టును గనులు పెరిగి, వాని అంచున గోదావరిఖని పట్టణము లేచినది. ఇపుడది పెద్దపల్లి జిల్లాలోనిది. ఇచట కాలమును సూర్యుడు కొలువడు, షిఫ్టు కొలుచును. మొదటి షిఫ్టు, రెండవ షిఫ్టు, రాత్రి షిఫ్టు అను మూడింటిచుట్టు వంట, నిద్ర, పిల్లల చదువు, చుట్టపుచూపు తిరుగుచుండును. హాజరు పడినచో మస్టరు. మస్టరు లేనిచో జీతము లేదు.

ఇట్టి ఊరిలో నిలువని మనస్సుతో పెరిగినవాని బ్రదుకు ఊహించుట కష్టము కాదు. బడిలో వాని ప్రగతి పత్రమున ఏటేట "తెలివి ఉన్నది, ధ్యాస లేదు" అను మాటయే పడుచుండును. పదవ తరగతి యొకసారి, ఇంటరు రెండుసార్లు తప్పును. తండ్రి ఆరోగ్యము చెడి, కారుణ్య నియామకమున బాయిలో పని దొరకునప్పటికి, తాను పనికిమాలినవాడనను మాట వానికి ఇతరులు చెప్పవలసిన పని యుండదు, తానే చెప్పుకొనును. గంట ఆలస్యముగా పోయి మస్టరు పోగొట్టుకొనును. కంతు కట్టవలసిన నాడు మరచి అపరాధపు వడ్డీ కట్టును. తలచిందే తడవుగా అప్పుచేసి బండి కొనును. "ఇంట్ల చెప్పిన ముచ్చట గడప దాటంగనే మరుస్తడు, వానికి నేనంటే లెక్క లేదు" అని భార్య వాపోవును. అలసిన మనస్సు సాయంకాలము మద్యమువైపు మరలును. ఈ స్థితి గలవారు మద్యమునకు లోబడు అపాయము ఇతరులకంటె హెచ్చని పరిశోధనలు చెప్పుచున్నవి.

నలువదవ యేట నిర్ధారణ జరుగుట తరచుగా బిడ్డ మూలముననే. పిల్లవాని బడినుండి ఫిర్యాదు వచ్చును; తల్లి వానిని మానసిక వైద్యునొద్దకు తీసికొనిపోవును. వైద్యుడు లక్షణములను ఒక్కొక్కటిగా అడుగుచుండగా ప్రక్కన కూర్చున్న తండ్రి ముఖము మారును. అవి యన్నియు తన చిన్ననాటి సంగతులే. వంశపారంపర్యము గల స్థితిలో ఇది వింత కాదు.

2024 మే మాసమున మలయాళ నటుడు ఫహద్ ఫాజిల్ కేరళలోని కోతమంగళమున, పిల్లలకొరకు నెలకొల్పిన సంస్థ ప్రారంభ సభలో, తనకు 41వ యేట ఈ స్థితి నిర్ధారణయైనదని బహిరంగముగా చెప్పెను. 2021లో వచ్చిన పుష్ప చిత్రముద్వారా తెలుగు ప్రేక్షకులకు ఆయన సుపరిచితుడు. తన వృత్తిలో అత్యున్నత స్థానమున నున్నవానికి సైతము నాలుగు దశాబ్దములు ఈ పేరు తెలియకపోయినచో, మూడు షిఫ్టుల పనివానికి తెలియకపోవుటలో ఆశ్చర్యమేమున్నది?

పేరు తెలిసిన నాడు మొదట కలుగునది ఊరట; వెనువెంటనే వచ్చునది దుఃఖము. ముందే తెలిసియున్నచో చదువు ఆగియుండెడిది కాదుగదా, తండ్రితో అన్ని తగవులు వచ్చియుండెడివి కావుగదా యను చింత బాధించును. ఈ దుఃఖమును కొట్టివేయరాదు, గడవనీయవలయును. అది గడచిన పిమ్మట ఒక సంగతి తేటపడును. నిర్ధారణ చేసిన తప్పునకు సాకు కాదు, ఆ తప్పు ఎచటినుండి వచ్చినదో తెలుపు లెక్క. లెక్క తేలినవాడు బాకీ తీర్చు దారి వెదకగలడు.

గని నేర్పు పాఠము

గనిలోనికి దిగు ప్రతివాని తలమీద క్యాప్ ల్యాంపు ఉండును. ఎవరు లోపలికి పోయిరి, ఎవరు వెలికి వచ్చిరి అన్నది పుస్తకమున వ్రాయబడును. "అందరును వచ్చిరనుకొందును" అను మాటకు అచట తావు లేదు. నిప్పుపెట్టె, బీడీలు జేబులో మరచి యుండవచ్చునని ప్రతివానిని తడిమి చూతురు; అది అనుమానము కాదు, ఆచారము. పని మొదలగుటకు ముందు మైనింగ్ సర్దారు తన పరిధిలోని చోటులన్నియు తిరిగి, కప్పును కర్రతో తట్టి శబ్దము వినును. గట్టి కప్పు ఒకరీతిగను, డొల్లబారినది మరొకరీతిగను పలుకును. వాయువును పరీక్షించును. చూచినదానిని పుస్తకమున వ్రాసి సంతకము చేయును. తరువాతి షిఫ్టువారికి ఆ వ్రాత ఆధారము. టబ్బులను లాగు హాలేజీకి గంటల సంకేతములు కలవు. మందు పేల్చుటకు ముందు కేకవేసి, దారులలో మనుష్యులను కాపు పెట్టుదురు.

ఇవన్నియు ఏల ఏర్పడినవి? గని మనిషిని తక్కువగా చూచుటచేత కాదు. మనిషి మరచునని ఎరుగుటచేత. అవధానమును తలలో దాచుకొనక పుస్తకమునను, గంటలోను, దీపముమీదను, తోటివాని కేకలోను ఉంచినది. ఈ నియమములు లేని కాలమున పోయిన ప్రాణములే వీనిని వ్రాయించినవి. కప్పు వంగినచో ఎవరును దానిని తిట్టరు. సపోర్ట్‌మన్ వచ్చి దుంగ నిలుపును, లేదా రూఫ్ బోల్టు బిగించును. ఆసరా పెట్టినంతమాత్రమున ఆ కప్పునకు అవమానము లేదు.

ఆ గనిలోనే పనిచేయు మనిషి మాత్రము ఇల్లు చేరగానే తన మనస్సునకు ఆసరా పెట్టుకొనుటకు సిగ్గుపడును. చీటీ వ్రాసికొనుట చేతగానితనమని తలచును. ఈ సిగ్గులోనే అసలైన అపాయమున్నది. మరచితినని వెంటనే చెప్పువాని వలన గనికి మేలు. మరువలేదని బొంకువాని వలన కీడు. చిన్ననాటినుండి మరచిన ప్రతిసారియు దెబ్బలు తిన్నవాడు, ఎగతాళికి గురియైనవాడు బొంకుటనే అలవరచుకొనును. బడిలో ఆ అలవాటు ఒక అసత్యముతో ముగియును. భూమిలోపల, లేదా ఓపెన్‌కాస్టులో భారీ డంపరుమీద, అదే అలవాటు నలుగురి ప్రాణములమీదికి రావచ్చును.

ఆసరాలు

మొదటి ఆసరా సరియైన నిర్ధారణ. దీనికి రక్తపరీక్ష లేదు, స్కానింగు లేదు. మానసిక వైద్యుడు చాలసేపు మాటలాడి, బాల్యపు సంగతులను తల్లినో, అన్ననో అడిగి, పాత ప్రగతి పత్రములున్నచో చూచి నిర్ణయించును. థైరాయిడు దోషము, దిగులు, ఆందోళన, మద్యము, నిద్రలేమి ఇవియు అవధానమును చెదరగొట్టును. వరుసగా రాత్రి షిఫ్టులు చేసి పగలు నిద్రపట్టని వానికి మతిమరపు వచ్చుట సహజము. వీనిని విడదీసి చూచుట వైద్యుని పని. ప్రశ్నలపట్టిక చదివి తనంతట తాను నిర్ణయించుకొనుట విద్యార్థులకును తగదు, పెద్దలకును తగదు.

రెండవది మందు. మిథైల్‌ఫెనిడేట్ అను ఉత్తేజకము, ఉత్తేజకము కాని ఎటోమాక్సెటీన్ మొదలగునవి వాడుకలో నున్నవి. మొదటిది మన దేశమున 1985 నాటి మాదకద్రవ్యముల చట్టము క్రింద నియంత్రణలో నున్నది. వైద్యుని చీటీ లేక పొందరాదు. ఆకలి తగ్గుట, నిద్ర పలుచబడుట, నాడి వేగమును రక్తపు పోటును హెచ్చుట దీని దోషములు. కావున నలువది దాటినవారు గుండెను, రక్తపు పోటును చూపించుకొనిన పిమ్మటనే మొదలుపెట్టవలయును. తాను చేయు పని ఎట్టిదో, ఏ షిఫ్టో వైద్యునకు దాచక చెప్పవలయును. స్వీడన్ దేశపు జనాభా లెక్కల ఆధారమున 2014లో వెలువడిన పరిశోధనలో, ఈ స్థితి గల పురుషులు మందు వాడుచున్న కాలమున తీవ్రమైన వాహన ప్రమాదములకు గురియగుట తగ్గినట్లు కనబడినది. మందు అందరికిని సరిపడదు. సరిపడినవానికిని అది చూపును తేటపరచు కళ్లద్దముల వంటిదే. చదువవలసిన పని వానిదే.

మూడవది అభ్యాసము. ఆలోచనను, నడవడిని సరిదిద్దు మనశ్శాస్త్ర చికిత్స పెద్దలకు ఉపకరించునని రుజువైనది. అందు నేర్పునది గొప్ప తత్త్వము కాదు. గనిలో నున్న ఏర్పాటులనే ఇంటికి తెచ్చుట. తాళముచెవులు, గుర్తింపు కార్డు, సెల్‌ఫోను గోడకు కొట్టిన ఒకే మేకున, ఒకే గూటిలో ఉండవలయును. షిఫ్టునకు గంటముందు ఒక అలారము, అరగంటముందు మరొకటి మ్రోగవలయును. కంతులు జీతము పడిన నాడే బ్యాంకు తనంతట తానే కోసికొనునట్లు ఏర్పాటు చేయవలయును. పై అధికారి నోటిమాటగా చెప్పిన పనిని ఆయన ఎదుటనే తిరిగి చెప్పి, వ్రాసికొనవలయును. పెద్ద పనిని చిన్న ముక్కలుగా విరిచి మొదటి ముక్కను మాత్రమే చూడవలయును. కాగితములు సర్దుట వంటి విసుగు పనికి ఎవరినైన ప్రక్కన కూర్చుండబెట్టుకొన్నచో చాలు. వారు చేయి వేయకున్నను పని సాగును. వెయ్యి రూపాయలు దాటిన కొనుగోలును ఒక రాత్రి నిద్రించిన పిమ్మట నిర్ణయించుట మంచి నియమము.

భార్యాభర్తల నడుమ ఒక ఒడంబడిక అవసరము. జ్ఞాపకము చేయుట వేరు, దెప్పుట వేరు. ఇంటి లెక్కలన్నియు భార్యయే మోసి, భర్త మరొక బిడ్డవలె మిగిలినచో ఆ సంసారము కుదుటపడదు. ఎవరి పని ఏదో గోడమీది క్యాలెండరున వ్రాసియున్నచో తగవు మనుష్యుల నడుమనుండి గోడమీదికి పోవును. ఈ స్థితి స్త్రీకే యున్నచో ఆమె మోయు నింద రెండింతలు. పాలు పొంగించినను, పిల్లవాని ఫీజు గడువు మరచినను ఆమెను "ఇల్లాలితనము లేద"ని అందురు. కావున నిర్ధారణ ఆమెకు ఇంకను అవసరము.

ఈ ఆసరాలు ఒకసారి నిలిపిన చాలునని తలపరాదు. క్రొత్తలో మ్రోగిన అలారము పదియవ దినమున చెవికి ఎక్కదు. గోడమీది చీటీ నెలనాళ్లలో గోడలో కలిసిపోవును. గనిలో పాతిన దుంగనుకూడ మరల మరల తట్టి చూతురుగదా. చెడిన ఆసరాను మార్చుట ఓటమి కాదు, నిర్వహణ. తనకు సరిపడు పనిని ఎంచుకొనుటయు ఒక ఆసరాయే. కదలిక, మార్పు, చేతిపని గల ఉద్యోగమున రాణించినవాడు, రాత్రియంతయు ఒకే మీటరును చూచుచు కూర్చుండు పనిలో నలిగిపోవచ్చును. అట్టిచోట పని మార్పు అడుగుటలో న్యూనత లేదు.

ఉపాధ్యాయుల పాత్ర

నలువది యేండ్ల మనిషికి వైద్యుడు పేరు చెప్పుచున్నాడు. ఆరేండ్ల బిడ్డకు ఆ అవకాశమును మొదట చూపగలవాడు ఉపాధ్యాయుడే. నిర్ధారణ వానిపని కాదు. గమనించుట, వ్రాసియుంచుట, తలిదండ్రులకు నిందలేని మాటలతో చెప్పుట వానిపని. "మీవాడు వినడు" అనుటకు మారుగా, "మొదటి పది నిమిషములు బాగుగా వ్రాయును, పిమ్మట నిలువలేడు, మూడు మాటలు ఒకేసారి చెప్పినచో మూడవది జారిపోవును" అని చెప్పినచో వైద్యునకును అది ఉపకరించును.

తరగతిలో చేయవలసినది చాలమట్టుకు ఖర్చులేనిది. అట్టి పిల్లవానిని కిటికీప్రక్కనుండి ముందు వరుసకు తెచ్చుట. ఒక్కసారి ఒక్క సూచనయే యిచ్చుట. ఇంటిపనిని నల్లబల్లమీద వ్రాసి, వాడు ఎక్కించుకొన్నది చూచుట. సుద్దముక్కలు తెచ్చుట, పుస్తకములు పంచుట వంటి పనులతో కాళ్లకు కదలిక యిచ్చుట. మరచినపుడు తిట్టక, మరువకుండుటకు ఏమి చేసికొందువని అడుగుట. అన్నింటికిని మించి, మరచితినని నిజము చెప్పిన బిడ్డను ఆ నిజమునకు శిక్షింపకుండుట. ఈ బొగ్గుపట్టణములో ఆ ఒక్క అలవాటు రేపు ఎందరినో కాపాడగలదు.

2016 నాటి దివ్యాంగుల హక్కుల చట్టము 21 స్థితులను పేర్కొన్నది. నేర్చుకొనుటలోని ప్రత్యేక ఇబ్బందులు అందు చేరినవి. ఈ స్థితికి మాత్రము విడిగా చోటు లేదు. కావున బడిలో చట్టమునకంటె ఉపాధ్యాయుని వివేకమే ఈ బిడ్డకు దిక్కు. మానసిక వైద్యము పొందుట పౌరుని హక్కని 2017 నాటి చట్టము చెప్పుచున్నది. 2022లో రామగుండమున ప్రభుత్వ వైద్యకళాశాల ఆరంభమైనది. అదే సంవత్సరము అక్టోబరు 10న దేశమంతటను మొదలైన టెలిమానస్ సేవకు 14416 అను సంఖ్యకు ఫోను చేసినచో తెలుగులోనే సలహా లభించును. హైదరాబాదునకు పోవు తాహతు లేనివారికి మొదటి మెట్టుగా ఇది చాలును.

అవధాని కావలెనని ఎవరిని కోరుట న్యాయము కాదు. వందమంది నడుమ వందపద్యములను ధారణ చేయుట కొందరికి మాత్రమే అబ్బిన విద్య. తక్కినవారమందరము పంచాంగముతోను, గడియారముతోను, చీటీముక్కతోను, ఇంటివారి హెచ్చరికతోను బ్రదుకుచున్నవారమే. ఈ స్థితి గలవారికి ఆ ఆసరా మరికొంత హెచ్చుగా కావలయును, అంతియే. దానిని సిగ్గులేక అడుగుటకు వారికి ధైర్యమును, దెప్పక యిచ్చుటకు చుట్టునున్నవారికి ఔదార్యమును కలిగినచో, నలువదవ యేట తెలిసినను ఆలస్యమైనదని విచారింప నక్కరలేదు. మిగిలిన నలువదియేండ్లను వారు తమవిగా చేసికొనగలరు.